నాలుగు హాప్స్ ప్యాకెట్లు చాలు తమ్ముడూ!

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, సుబేదారి. నాలుగేళ్లుగా మిషిగన్‌లో ఉద్యోగం. పోయిన చలికాలం నుంచి ఇంట్లోనే బీరు కాచుకుంటున్నా, ఒక్కో విడతకు 20 లీటర్లు. ఇక్కడ అది నేరం కాదు, ముందే చెప్తున్నా. నా తిప్పలన్నీ హాప్స్‌తోనే, అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలతోనే. షాపుకు పోతే ఫ్రిజ్ నిండా పేర్లు. రెసిపీకో కొత్త పేరు, ప్యాకెట్ కొనడం, సగం వాడడం, మిగతాది మడిచి లోపల పడేయడం. ఇప్పుడు మా ఫ్రీజర్‌లో పదకొండు సగం ప్యాకెట్లున్నాయి. సిట్రా, మొజాయిక్, సిమ్కో, చినూక్, సాజ్, ఫగుల్, ఇంకా ఏవో. బఠాణీలు పెట్టుకోవడానికి కూడా జాగా లేదని మా ఆవిడ రోజూ గొడవ. నేను తాగేవి మూడే రకాలు: మన దగ్గర దొరికేలాంటి తేలిక లాగర్, పేల్ ఏల్, మంచు పడేటప్పుడు నల్లటి పోర్టర్. వీటన్నిటికీ పనికొచ్చే మూడు నాలుగు హాప్స్ పేర్లు చెప్పు, ఏడాదంతా వాటితోనే గడిపేస్తా.

జవాబు: తమ్ముడూ, ఈ గొడవలో నేను మీ ఆవిడ పక్షం. ఆ పదకొండూ ఖాళీ కావాల్సిందే, ఎట్లాగో చివర్లో చెప్తా.

నువ్వు హన్మకొండ పిల్లగాడివి కాబట్టి ఎనుమాముల మార్కెట్ గుర్తు చేసుకో. ఎండలు ముదిరే ముందు మిర్చి బస్తాలు దిగుతాయి కదా, తేజ, వండర్ హాట్, 341, చపాట, ఇంకా బోలెడు. మీ అమ్మ ఏడాదికి సరిపడా కారం పట్టించేటప్పుడు అన్ని రకాలూ కొంటుందా? ఘాటుకు తేజ, రంగుకు చపాట, రెండూ తన లెక్కలో కలిపి గిర్నీకి పంపుతుంది. పచ్చళ్లకైతే చపాట పాలు పెంచుతుంది, అంతే. ఆమె పేర్లు చూసి కొనదు, ఏ మిర్చి ఏ పని చేస్తుందో చూసి కొంటుంది. నువ్వేమో పేర్లు చూసి కొన్నావు, అందుకే ఫ్రీజర్ నిండింది.

హాప్స్ చేసే పనులు ముఖ్యంగా రెండు, చేదు ఇవ్వడం, వాసన ఇవ్వడం. నేను ఒరెగాన్‌లో ఎనిమిదేళ్లు ఉన్నా, అక్కడ విల్లామెట్ లోయలో ఆగస్టు చివర హాప్స్ కోతకొస్తాయి. ఒకసారి తోటలోకి పోయి ఒక కాయ తెంపి (కాయ అంటున్నా గానీ అది పువ్వే, ఆడ మొక్కకు పూసేది, చూడ్డానికి చిన్న పచ్చటి మొగలిపొత్తులా ఉంటుంది) నిలువునా చీల్చి చూశా. రేకుల మొదట్లో పసుపుపచ్చ పొడి, నిజామాబాద్ పసుపు చల్లినట్టే. వేళ్లతో నలిపితే బంకలాగా అంటుకుంది, సబ్బుతో రెండుసార్లు కడిగినా సాయంత్రం దాకా చేతికి నారింజ తొక్క వాసన, కాస్త పచ్చి గడ్డి వాసన. ఆ పొడినే లుపులిన్ అంటారు. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, వాసననిచ్చే నూనెలూ రెండూ దాంట్లోనే ఉంటాయి. చిక్కేమిటంటే ఆల్ఫా ఆమ్లాలు బాగా మరిగితేనే రూపం మారి నీళ్లలో కరిగి చేదెక్కుతాయి, నూనెలేమో అదే మరుగులో ఆవిరై పోతాయి. అందుకే గంటసేపు ఉడికే హాప్స్ నుంచి చేదు తప్ప ఇంకేమీ మిగలదు, దించే ముందు వేసిన హాప్స్ నుంచి వాసన వస్తుంది గానీ చేదు పెద్దగా రాదు. సాంబారులో కొత్తిమీర ఎప్పుడు వేస్తామో, మెంతులు ఎప్పుడు వేస్తామో తెలిసినవాడికి ఇది వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

హాప్స్‌కు మూడో పని కూడా ఒకటుంది, అది మనవాళ్లకు చెప్తేనే బాగా అర్థమవుతుంది. పొద్దున చెట్టు దింపిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది. ఆ పులుపులో పెద్ద వాటా లాక్టోబాసిల్లస్ లాంటి బాక్టీరియాది. హాప్స్ చేదు ఆ జాతిని చాలావరకు అణిచిపెడుతుంది, ఈస్ట్‌ను మాత్రం దాని పని చేసుకోనిస్తుంది. కల్లు పొద్దు గూకేలోపు తాగేయాలి, బీరు నెలల తరబడి నిలవుంటుంది. తేడాలో కొంత ఈ చేదు వల్లే.

ఇక పేర్లలోకి వద్దాం.

మొదటిది మాగ్నమ్. ఇది నీ తేజ మిర్చి. జర్మనీలోని హుల్ పరిశోధన కేంద్రం తెచ్చిన రకం, ఆల్ఫా 12 నుంచి 14 శాతం. చేదు శుభ్రంగా ఇస్తుంది, తన వాసనేదీ మీద రుద్దదు. లాగర్‌లోనూ పోర్టర్‌లోనూ పేల్ ఏల్‌లోనూ గంట మరుగుకు ఇదొక్కటే చాలు. "చేదుకు కూడా ఖరీదైన సుగంధ హాప్స్ వేస్తే ఇంకా బాగుంటుంది కదా" అనుకుంటావేమో, లెక్క చూడు. 20 లీటర్ల బీరులో 35 ఐబీయూ (చేదును కొలిచే అంకె) చేదు కావాలి, గంట మరిగిస్తావు, మామూలు చిక్కదనం ఉన్న వోర్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ మాల్ట్, దాన్నుంచి తీసిన పులియబెట్టని తీపి నీళ్లను వోర్ట్ అంటాం) వేసిన ఆల్ఫాలో సుమారు 23 శాతమే కలుస్తుంది. 13 శాతం మాగ్నమ్ అయితే 23 గ్రాములు సరిపోతుంది. 5.5 శాతం కాస్కేడ్ అయితే 55 గ్రాములు కావాలి. 3.5 శాతం సాజ్ అయితే 87 గ్రాములు! అంత ఆకు పిప్పి గిన్నె అడుగున చేరి లీటరు దాకా బీరును పీల్చుకుంటుంది, పైగా పచ్చి ఆకు రుచి కూడా దిగుతుంది. అందుకని చేదు కోసం ఎక్కువ ఆల్ఫా ఉన్నది కొద్దిగా వేసుకోవడమే తెలివి. చినూక్ కూడా 12–14 శాతమే గానీ అది దేవదారు చెక్క, మిరియాల ఘాటు లాంటిది వెంటబెట్టుకొస్తుంది. పేల్ ఏల్‌లో నాకు ఇష్టమే, నీ తేలిక లాగర్‌లో మాత్రం అది పెళ్లి భోజనంలో బ్యాండుమేళం.

రెండోది కాస్కేడ్. ఒక్కటే హాప్స్ ప్యాకెట్‌తో దీవిలో వదిలేస్తాం అంటే చాలామంది సెంటెన్నియల్ అంటారు, వాళ్ల మాటలో తప్పు లేదు. 1990లో వచ్చింది, ఆల్ఫా 10 శాతం దగ్గర, అటు చేదుకూ ఇటు వాసనకూ సరిపోతుంది. కానీ నీకు చేదుకు మాగ్నమ్ ఎలాగూ ఉంది కాబట్టి నేను కాస్కేడే కొనమంటా. 1972లో ఒరెగాన్‌లో విడుదలైంది, అక్కడి పర్వతాల పేరే పెట్టారు. 1980లో కాలిఫోర్నియాలో సియెరా నెవాడా వాళ్లు మొదలుపెట్టిన పేల్ ఏల్‌తో దీని పేరు మోగిపోయింది. వాసన పంపరపనస తొక్క, కాస్త పూలు. ఆల్ఫా తక్కువ కావడం ఇక్కడ మేలు, చివర్లో పది గ్రాములు ఎక్కువ పడ్డా చేదు లెక్క తలకిందులు కాదు. కొత్తవాళ్ల చేయి అటూ ఇటూ అవుతుంది, తప్పదు.

నా పేల్ ఏల్ లెక్క చెప్తా, రాసుకో. 20 లీటర్లకు మాగ్నమ్ 15 గ్రాములు గంట మరుగుకు, కాస్కేడ్ 20 గ్రాములు చివరి పావుగంటకు, ఇంకో 30 గ్రాములు స్టవ్ ఆపేశాక. చేదు 30 ఐబీయూ అటూ ఇటూ వస్తుంది. పులియడం అయిపోయాక ఇంకో 40–50 గ్రాములు డ్రై హాప్ చేస్తే, అంటే మరిగించకుండా చల్లటి బీరులోనే మూడు రోజులు వేసి ఉంచితే, గ్లాసు దగ్గరికి తెచ్చుకోకముందే వాసన పలకరిస్తుంది. నేను ఇదే బీరును పదిసార్లకు పైగా కాచా, ఒక్కసారీ విసుగు రాలేదు. అయితే ఆ ఆల్ఫా అంకెలు ప్యాకెట్ మీద చూసే లెక్క కట్టు. ఒకే రకం, ఒకే తోట, అయినా ఈ ఏడు 5 ఉన్నది పైయేడు 7 ఉండొచ్చు. మిర్చి ఘాటు ప్రతి ఏడూ ఒకేలా ఉంటుందా ఏంటి?

మూడోది నీ లాగర్ కోసం, హాలర్టావ్ మిట్టెల్‌ఫ్రూ. పేరు నోరు తిరగదు, "మిట్టెల్" అంటే షాపువాళ్లకు అర్థమవుతుంది. మ్యూనిక్‌కు ఉత్తరాన హాలర్టావ్ అనే ప్రాంతమంతా హాప్స్ తోటలే, ఇది అక్కడి పాత రకం. ఆల్ఫా 3 నుంచి 5.5 మధ్య. వాసన మెత్తగా, గడ్డివాము పక్కన కూర్చున్నట్టు, కాస్త మసాలా, కాస్త పూలు. చివరి పది నిమిషాలకు 25 గ్రాములు వేస్తే చాలు, అది లాగర్ అని అరవకుండానే తెలుస్తుంది. నీ ఫ్రీజర్‌లో ఉన్న సాజ్ కూడా ఇదే కోవ, చెక్ దేశపు జాటెట్స్ ప్రాంతానిది, 1842లో ప్ల్జెన్ ఊళ్లో మొదటి పిల్స్‌నర్ (లేత బంగారు రంగు లాగర్) కాచినప్పటి నుంచి దాని పేరు నిలిచే ఉంది. రెండూ అక్కర్లేదు. సాజ్ అయిపోయే దాకా సాజ్ వాడు, తర్వాత ఏది దొరికితే అది.

పోర్టర్‌కు మరి? ఏమీ కొనకు. వేయించిన మాల్ట్ కాఫీ గింజల్లా, మాడిన బెల్లంలా గట్టిగా మాట్లాడుతుంటే హాప్స్ వాసన ఎవరికి వినిపిస్తుంది? మాగ్నమ్ చేదు ఒక్కటి పడితే చాలు. నీ దగ్గరున్న ఫగుల్ ఇంగ్లండ్ రకమే, మట్టి వాసన, కలప వాసన, అది పోర్టర్‌లో చివరి పావుగంటకు వేసి ఖాళీ చెయ్. అయిపోయాక మళ్లీ కొనాలనిపిస్తే కొను, నేనైతే కొనను.

నాలుగో జాగా ఖాళీగా ఉంచు. అది చుట్టాల గది. ఒకసారికి ఒక్క చుట్టమే, ఉన్నది వెళ్లాకే ఇంకొకటి. సిట్రా, మొజాయిక్, అమరిల్లో, న్యూజీలాండ్ వాళ్ల నెల్సన్ సావిన్, ఏదైనా సరే. సిట్రా మామిడి, లిచీ, నిమ్మ అన్నీ ఒకేసారి ఇస్తుంది, ఎవరికైనా మొదటి గుటకలోనే నచ్చుతుంది. అదే దాంతో ఇబ్బంది. నువ్వు మాల్ట్ తప్పు చేశావా, ఈస్ట్‌ను వేడిలో పెట్టావా, ఏదీ తెలియదు, అంతా మామిడిపండే. నేర్చుకునేటప్పుడు తప్పు బయటపడాలి కదా! సిమ్కో, మొజాయిక్ కొన్నిసార్లు, ముఖ్యంగా ఆలస్యంగా కోసినవి, కొందరి ముక్కుకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వాసన కొడతాయి, అది నీ తప్పు కాదు.

కొత్త చుట్టం ఎట్లాంటిదో తెలుసుకోడానికి 20 లీటర్లు కాయనక్కర్లేదు. షాపులో మామూలు తేలిక లాగర్ బాటిళ్లు, గోధుమరంగు గాజువి, నాలుగు కొను. బాగా చల్లబరిచి మూత తీసి, ఒక గుక్క తాగి, రెండు పెల్లెట్లు (పొడిచేసి గుళికలుగా నొక్కిన హాప్స్) వేసి వెంటనే కొత్త మూత బిగించు. ఫ్రిజ్‌లో మూడు రోజులు. ఒక్కో బాటిల్‌లో ఒక్కో రకం, మూత మీద పేరు రాయడం మర్చిపోకు. నేను మొదటిసారి చేసినప్పుడు బాటిల్ సరిగ్గా చల్లబడలేదు, పైగా గుక్క తాగకుండా పెల్లెట్లు వేశా. పెల్లెట్ తగలగానే గ్యాస్ అంతా ఒక్కసారి లేచి నురగ పైకప్పు దాకా కాదు గానీ నా చొక్కా జేబులోకి మాత్రం పోయింది. ఫోన్ అందులోనే ఉంది.

దాచడం గురించి. హాప్స్‌కు శత్రువులు గాలి, వేడి, వెలుతురు. మన రైతులు మిర్చి రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటారు కదా, ఇదీ అంతే. వెండి రంగు రేకు ప్యాకెట్, గాలి పిండేసి, టేపు వేసి, ఫ్రీజర్‌లో. అట్లా పెడితే ఏడాది నిశ్చింత. గది వేడిలో వదిలేస్తే కాస్కేడ్ లాంటిది ఆరు నెలల్లో చేదు సగం దాకా పోగొట్టుకుంటుంది, మాగ్నమ్ కాస్త ఓర్చుకుంటుంది. నేను ఒకసారి ఇల్లు మారే హడావుడిలో తెరిచిన ప్యాకెట్ వంటింటి అల్మారాలో మర్చిపోయా. ఎండకాలం దాటాక తీస్తే నిల్వ చీజ్ వాసన, ఇంకా నిజం చెప్పాలంటే రెండు రోజులు తొడిగిన సాక్సుల వాసన. "మరిగిస్తే పోతుందిలే" అని బీరులో వేశా. చాలావరకు పోయింది కూడా, కానీ ఆ "చాలావరకు" తర్వాత మిగిలింది మాత్రం పద్దెనిమిది లీటర్లలోనూ ఉంది. చీజ్ వాసన వస్తే పారేయ్, మొహమాటపడకు.

పారేసేటప్పుడు ఇంకో మాట. ఇంట్లో కుక్క ఉంటే హాప్స్ పిప్పి దానికి అందకుండా చెయ్. వాడేసిన పిప్పి అయినా సరే, కుక్క తింటే ఒళ్లు కాలిపోయేంత జ్వరమొచ్చి ప్రాణం మీదికొస్తుంది. తీపి మాల్ట్ అంటుకుని ఉంటుంది కాబట్టి అవి ఆశగా తింటాయి.

ఇక నీ ఫ్రీజర్. ముందు ఒక్కొక్కటి వాసన చూడు, చీజ్ బ్యాచ్ చెత్తబుట్టకు. చినూక్, సిమ్కో రెండింటి ఆల్ఫా దగ్గర దగ్గరే కాబట్టి రెండూ కలిపి రాబోయే రెండు పేల్ ఏల్‌లలో గంట మరుగుకు వాడు, మాగ్నమ్ అప్పటిదాకా కొనకు. సాజ్ లాగర్‌కు, ఫగుల్ పోర్టర్‌కు, చెప్పా కదా. పండ్ల వాసన రకాలన్నీ కలిపి ఒకే బీరులో స్టవ్ ఆపాక వేసెయ్. దానికి నేను చిల్లర బీరు అని పేరు పెట్టుకున్నా, డబ్బాలో చిల్లరంతా ఊడ్చి కొన్నట్టు. ఒక్కోసారి అదే అన్నిటికన్నా బాగుంటుంది, మళ్లీ అదే రుచి తేవడం మాత్రం నీవల్ల కాదు. తర్వాత మాగ్నమ్, కాస్కేడ్ రెండూ అర కిలో దగ్గరి పెద్ద ప్యాకెట్లు కొను, చిన్న ప్యాకెట్ల మీద గ్రాముకు చాలా తక్కువ పడుతుంది. కోత సెప్టెంబరు చివరికి అయిపోతుంది, ఆ తర్వాత కొన్ని నెలలకు కొత్త పంట ప్యాకెట్లు వస్తాయి, కోసిన సంవత్సరం చూసి కొను. మిట్టెల్ చిన్నది చాలు. ఇంకో సంగతి, అమెరికా చట్టం ఇంట్లో ఒక్క పెద్దమనిషే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200 దాకా కాచుకోనిస్తుంది, అమ్మితే మాత్రం ఊరుకోదు. మీ ఆవిడతో గొడవ పెట్టుకోకపోవడానికి ఇదొక కారణం.

ప్రశ్న: కాజీపేటలో ఉంటాను, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు, ఇంట్లో బీరు చేసుకుంటాడు. మొన్న వచ్చినప్పుడు ఒక హాప్స్ ప్యాకెట్ ఇక్కడే మరిచిపోయాడు, మీద హాలర్టావ్ అని ఉంది. నేను కూడా డాబా మీద ఒక పది లీటర్లు ప్రయత్నించవచ్చా?

జవాబు: వద్దు సార్. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం, సొంతానికే అన్నా కుదరదు. రిటైరయ్యాక ఎక్సైజ్ వాళ్ల చుట్టూ తిరిగే టెన్షన్ మీకెందుకు? నేనూ హన్మకొండ తిరిగొచ్చాక గిన్నె అటకెక్కించేశా.

కానీ ప్యాకెట్ పారేయకండి. హాప్స్ సోడా చేసుకోవచ్చు, అందులో చక్కెరా లేదు, ఈస్టూ లేదు, పులిసేదేమీ లేదు కాబట్టి మత్తూ లేదు. లీటరు నీళ్లు మరిగించి దించి, ఓ ఐదారు నిమిషాలు ఆగండి, 80 డిగ్రీల దగ్గరికి రావాలి. సగం నిమ్మకాయ పిండండి, పులుపు పడితే చేదు గరుకుగా దిగదు. అప్పుడు గ్రాము, గ్రామున్నర పెల్లెట్లు వేసి మూతపెట్టి పావుగంట. పలచటి బట్టలో రెండుసార్లు వడకట్టి ఫ్రిజ్‌లో చల్లార్చి, సగం గ్లాసు ఇది, సగం గ్లాసు సోడా. పొయ్యి మీద పెట్టి మరిగించారంటే మాత్రం కాకరకాయ కషాయమే. మొదటిసారి మా అమ్మకు ఇస్తే ఒక గుటక తాగి, "ఉగాది పచ్చడిలో వేపపువ్వు తప్ప అన్నీ మరిచిపోయినట్టుంది" అంది. ఇప్పుడు ఎండకాలం సాయంత్రాలు ఆమే అడుగుతుంది. రెండు మూడు రోజుల్లో తాగేయండి. హాప్స్ నిద్ర తెప్పిస్తాయని జర్మనీలో పాతకాలం నుంచి ఒక నమ్మకం ఉంది, మీరు నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరును అడిగాకే తాగండి.

ప్రశ్న: మాది కరీంనగర్, హైదరాబాద్‌లో జాబ్. ఆఫీసు పార్టీకి ఒక మైక్రోబ్రూవరీకి వెళ్తే బోర్డు మీద ఒక్కో బీరు పక్కన ఐబీయూ 12, ఐబీయూ 55 అని రాసి ఉంది. ఎక్కువుంటే మత్తు ఎక్కువా?

జవాబు: కాదు చెల్లె, మత్తుకూ దానికీ సంబంధం లేదు. అది చేదు అంకె. లీటరు బీరులో మరిగి మారిన ఆల్ఫా ఆమ్లాలు సుమారు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చెప్తుంది. 12 అంటే చేదు ఉందో లేదో అన్నట్టు, 55 అంటే ఐపీఏ, హాప్స్ బాగా దట్టించిన చేదు బీరు. కానీ అంకె ఒక్కటే చూసి భయపడకు, మాల్ట్ తీపి ఎక్కువుంటే 50 కూడా మెత్తగా దిగుతుంది, పలచటి బీరులో 35 కూడా నాలుక మీద కూర్చుంటుంది. చింతపండు ఎంత వేశారని కాదు, బెల్లం ఎంత పడింది అని కూడా చూడాలి కదా. మత్తు సంగతి తెలియాలంటే పక్కన ఏబీవీ, అంటే ఆల్కహాల్ శాతం చూడు. పార్టీ అయ్యాక బండి నడపకు, క్యాబ్‌లో వెళ్లు.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మిర్చి రైతును. తామర పురుగుతో రెండేళ్లు నష్టపోయాను. ఫోన్‌లో ఎవరో హాప్స్ సాగుతో ఎకరానికి లక్షలు అంటున్నాడు, మొక్కలు కూడా తనే ఇస్తానంటున్నాడు. మన నేలకు సరిపోతుందా?

జవాబు: నేల సంగతి తర్వాత అన్నా, సూర్యుడితోనే కుదరదు. హాప్స్ తోటలు ఎక్కువగా భూమధ్యరేఖకు 35 నుంచి 55 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఆ తీగ బాగా పెరగాలంటే ఎండకాలం పగలు పదిహేను గంటలైనా ఉండాలి. మన వరంగల్ 18 డిగ్రీల దగ్గరుంది, ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలు దాటి కొద్ది నిమిషాలే. ఇక్కడ నాటితే తీగ పద్దెనిమిది అడుగుల పందిరి ఎక్కాల్సింది నడుము ఎత్తుకు రాకముందే పూతకొస్తుంది, దిగుబడి ఏముంటుంది? పైగా అది చలికాలమంతా చలిలో వేరు నిద్రపోయే రకం. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు, అక్కడి చలి, ఎత్తు వేరు. మ్యారిగోల్డ్‌లాగా కోసి మార్కెట్‌కు తోలేదీ కాదు, పచ్చి పువ్వులో ముప్పాతిక వంతు నీళ్లే, కోసిన గంటల్లోనే యంత్రంలో ఆరబెట్టి తేమ పది శాతానికి దించాలి, లేకపోతే కుళ్లుతుంది. ఆ యంత్రం నువ్వు కొనాలి, సరుకు కొనేవాడేమో బీరు ఫ్యాక్టరీ తప్ప ఇంకెవడూ లేడు.

మొక్కలిస్తానన్న ఆయనను రెండు అడుగు. ఈ జిల్లాలో మూడేళ్లుగా కాపు కాస్తున్న తోట ఒకటి చూపించమను, పంట కొంటానని స్టాంపు పేపరు మీద రాసివ్వమను. ఆ రెండూ చేతికొచ్చే దాకా అడ్వాన్సు ఇవ్వకు. మిర్చికి బదులు ఏం వేయాలన్నది మాత్రం నాకన్నా మీ మండల వ్యవసాయ అధికారికి బాగా తెలుసు, మట్టి పరీక్ష కాగితం పట్టుకుని వెళ్లు.